మార్కర్లు, చిలుకలు, మంజీర ఒడ్డు చేను: పొద్దుతిరుగుడు సంకరాల ప్రాజెక్టు డైరీ

నవంబరు, మొదటి రబీ

బిలోలి నుంచి బోధన్ వెళ్లే దారిలో, మంజీర వంతెనకు ఇవతల, నాందేడ్ జిల్లా వైపు ఒక నల్లరేగడి చేను కౌలుకు దొరికింది. సోయా కోసి దున్ని పెట్టిన నేల. బోరు ఉంది, కరెంటు రాత్రిపూట వస్తుంది. ఇళ్లలో తెలుగు, బజారులో మరాఠీ మాట్లాడే ఊరు. చేను యజమానిని ఊరంతా కాకా అంటారు కాబట్టి మాకూ ఆయన కాకానే.

చేయాలనుకున్న పని ఇది. మా దగ్గర పొద్దుతిరుగుడు తల్లి లైన్లు పది, తండ్రి లైన్లు ఎనిమిది ఉన్నాయి. లైను అంటే తరతరాలుగా తనలో తానే కలుస్తూ ఒకే రూపు తేలిన విత్తన వంశం. ప్రతి తల్లినీ ప్రతి తండ్రితో కలిపితే ఎనభై సంకరాలు. ఎనభైనీ పరీక్షించేంత నేల, నీరు, మనుషులు మాకు లేరు. నలభై మాత్రం చేసి, పండించి, వాటి ఫలితాన్నీ తల్లిదండ్రుల డీఎన్ఏ మార్కర్లనూ (డీఎన్ఏలో లైనుకూ లైనుకూ తేడా చూపే గుర్తులు) కలిపి మిగతా నలభై ఎలా పండుతాయో ముందే చెప్పగలమా అన్నది ప్రశ్న. ప్రతి తల్లికి నలుగురు తండ్రులు, ప్రతి తండ్రికి అయిదుగురు తల్లులు వచ్చేలా పట్టిక వేసుకున్నాం. ఏ లైనూ పరీక్ష తప్పించుకోకూడదని ఈ ఏర్పాటు.

కాకా మొదటి అనుమానం న్యాయమైనదే. "మంచి తల్లి, మంచి తండ్రి అయితే మంచి పంట వస్తుంది కదా, దీనికి ఇంత లెక్క ఎందుకు?" పొద్దుతిరుగుడులో ఆ సూత్రం సరిగ్గా పనిచేయదు. శుద్ధ లైన్లు తరతరాలుగా స్వపరాగ సంపర్కంతో నీరసించిన మొక్కలు, కొన్ని నడుము ఎత్తు కూడా పెరగవు. వాటి సొంత దిగుబడి చూసి సంకరం దిగుబడి చెప్పడం కష్టం. సంకరం చేసి చూస్తేనే తెలుస్తుంది, ఆ చూడటానికే ఖర్చు.

మన దేశానికి పొద్దుతిరుగుడు సాగు పంటగా 1969లో రష్యా రకాలతో వచ్చింది. అదే ఏడాది ఫ్రాన్స్‌లో లెక్లెర్క్ అనే శాస్త్రవేత్త హీలియాంథస్ పెటియోలారిస్ అనే అడవి జాతితో సంకరం చేసి, పుప్పొడి లేని మొక్కలను వెలికితీశారు. సంకర విత్తనం ఈనాటికీ ఆ పునాది మీదే తయారవుతోంది. మన మొదటి సంకరం బీఎస్‌హెచ్-1 బెంగళూరు నుంచి 1980లో వచ్చింది. తల్లి లైనుకు పుప్పొడి ఉండదు, తండ్రి లైనులోని జన్యువు ఆ లోపాన్ని సంకరంలో సరిచేస్తుంది. అందుకే ఎవరు తల్లి, ఎవరు తండ్రి అన్నది ఈ పంటలో ముందే ఖాయం. లెక్కకు ఇది మేలే చేసింది, తల్లుల జట్టు వేరు, తండ్రుల జట్టు వేరు.

తండ్రి లైన్లను ఒకేసారి విత్తలేదు. వారం తేడాతో విడతలుగా వేశాం. తల్లి పువ్వు విచ్చిన రోజుకు ఏదో ఒక విడతలో పుప్పొడి సిద్ధంగా ఉండాలి.

జనవరి, సంకరణం

ఈ పనిని పుస్తకంలో ఒక్క వాక్యంలో రాస్తారు. చేనులో అది పదిహేను రోజులకు పైగా రోజూ ఉదయపు పని.

పువ్వు విచ్చకముందే ప్రతి తలకూ గుడ్డ సంచి తొడిగి మెడ దగ్గర కట్టాం. ఆకర్షక పత్రాలు, అంటే పువ్వు అంచు రేకులు, పసుపు చూపగానే సంచి లేకపోతే తేనెటీగ మనకంటే ముందు వచ్చేస్తుంది. పొద్దుతిరుగుడు పువ్వు ఒకే పువ్వు కాదు, వందల చిన్న పువ్వుల పళ్లెం. అంచు నుంచి మధ్యకు వలయాలుగా, రోజుకు కొన్ని వరసల చొప్పున విచ్చుకుంటుంది. కాబట్టి ఒక్క తల మీద సంకరణం ఒక్కరోజులో పూర్తి కాదు.

మంచు ఆరాక, తొమ్మిది దాటిన తర్వాత తండ్రి పువ్వును కాగితం మీదకు వంచి వెనక మెల్లగా తడితే పుప్పొడి పసుపు పిండిలా రాలుతుంది. దాన్ని మెత్తని గుడ్డతో తల్లి పువ్వు మీద అద్దుతారు. ఊరి అక్కలు ఇద్దరు ఈ పనిని మాకంటే బాగా చేశారు. వాళ్లు కనిపెట్టిన గుర్తు ఒకటి ఇక్కడ రాసి పెట్టాలి. ఫలదీకరణం జరిగిన చోట కీలాగ్రాలు (పుప్పొడిని అందుకునే కొనలు) మర్నాటికి వాడి ముడుచుకుంటాయి. జరగని చోట అవి ఇంకా నిటారుగా, తేమగా నిలబడి ఉంటాయి. అక్కలు సంచి తీయగానే నిలబడి ఉన్న వలయాలను వెతికి, అక్కడే మళ్లీ పుప్పొడి అద్దేవారు. పళ్లెం నడుమ తాలు గింజలు తగ్గాయి.

తల్లి పువ్వును వేలితో రాస్తే వేలికి పసుపు అంటకూడదు. అంటిందంటే ఆ మొక్క తల్లి కాదు, వెంటనే పీకేయాలి. అలాంటి మొక్కలు కొన్ని దొరికాయి, పీకేశాం.

వేసవి, డీఎన్ఏ

లేత ఆకు ముక్కలను సిలికా జెల్‌లో ఆరబెట్టి ప్రయోగశాలకు చేర్చాం. పొద్దుతిరుగుడు ఆకు డీఎన్ఏ తీయడానికి మొండిది. ఫినాల్ పదార్థాలు ఎక్కువ కాబట్టి ద్రావణం గోధుమ రంగుకు తిరుగుతుంది, ఆ రంగు ఎక్కిన డీఎన్ఏ తర్వాతి దశల్లో మొరాయిస్తుంది. డీఎన్ఏ తీసే మామూలు సీటాబ్ పద్ధతికి, ఫినాల్‌ను పట్టుకునే పీవీపీ పొడి కలిపాక తెల్లగా వచ్చింది.

మాకు నచ్చిన చిన్న కిటుకు ఈ దశలోనే ఉంది. శుద్ధ లైనులో ప్రతి మార్కర్ దగ్గరా రెండు ప్రతులూ ఒకటే. మార్కర్ రెండు రూపాల్లో ఒకదాని ప్రతులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి 0 లేదా 2 అని రాస్తాం. తల్లి 0, తండ్రి 2 అయితే సంకరం 1. అంటే సంకరం ఆకు కోయనక్కరలేదు, సంకరం పుట్టనక్కర కూడా లేదు. పద్దెనిమిది లైన్ల డీఎన్ఏ చదివిస్తే ఎనభై సంకరాల జన్యుపటం కాగితం మీదే వచ్చేస్తుంది. పొద్దుతిరుగుడు జన్యురాశి దాదాపు 360 కోట్ల అక్షరాలు, మనిషిదానికంటే పెద్దది, పదిహేడు జతల క్రోమోజోముల్లో పరుచుకుని ఉంటుంది. 2017లో దాని పూర్తి పటం అచ్చయింది. మనం చదివే ఎస్‌ఎన్‌పీ (ఒక్క అక్షరం తేడా) మార్కర్లు అందులో అక్కడక్కడా పాతిన సరిహద్దు రాళ్ల లాంటివి. అవే దిగుబడిని పెంచవు, పక్కనున్న జన్యువు ఎవరి దగ్గర నుంచి వచ్చిందో చెబుతాయి.

ఫలితాల ఫైలు తెరవగానే ఏడో తండ్రి లైను దగ్గర చూపు ఆగింది. శుద్ధ లైనులో 1 అనే అంకె అరుదుగా ఉండాలి, ఇక్కడ వరసగా ఉంది. ఆ లైను నుంచి పలు మొక్కల ఆకులు కలిపి పంపాం కాబట్టి మిగిలిన ఆకులను విడివిడిగా చదివించాం. రెండు మొక్కలు బయటి పుప్పొడితో పుట్టినవి. మాకు వచ్చిన విత్తనపు పొట్లంలోనే కల్తీ ఉంది. ఆ తండ్రితో చేసిన అయిదు సంకరాలలో ఏ గింజ ఏ మొక్క పుప్పొడిదో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. వాటిని లెక్కలోంచి తీసేశాం. మిగిలినవి ఏడుగురు తండ్రులు, వీలైన సంకరాలు డెబ్బై, చేతిలో ఉన్నవి ముప్పై అయిదు.

మార్కర్ల వల్ల మొదటి లాభం అంచనా రూపంలో రాలేదు, విత్తన శుద్ధి తనిఖీగా వచ్చింది. ఈ ఒక్క పనికే ఆ ఖర్చు దండగ కాదని నా అభిప్రాయం.

నవంబరు, రెండో రబీ

సంకరాల పరీక్ష వేశాం. వరసల మధ్య 60, మొక్కల మధ్య 30 సెంటీమీటర్లు, ప్రతి సంకరం ఇదే చేనులో రెండు ప్లాట్లలో. పోల్చడానికి ఇప్పటికే విడుదలైన సంకరాలు కేబీఎస్‌హెచ్-44, డీఆర్‌ఎస్‌హెచ్-1 చేనులోని ప్రతి బ్లాకులోనూ. గట్ల మీద వయ్యారిభామ కలుపు పీకించాం, నెక్రోసిస్ అనే వైరస్ తెగులు దాని పుప్పొడితో వస్తుంది, ఆ పుప్పొడిని తామర పురుగులు మోసుకొస్తాయి. ఆకర్షక పత్రాలు విచ్చే వేళ లీటరుకు రెండు గ్రాముల బోరాక్స్ పిచికారీ. చలి బాగా పట్టాక బూడిద తెగులు కింది ఆకుల మీద కనిపించింది, మందు కొట్టాం. ఇంతకుమించి రాయడానికేమీ లేదు.

ఫిబ్రవరి, చిలుకలు

ఒకప్పుడు మరాఠ్వాడాలో పొద్దుతిరుగుడు చేలు ఊరూరా ఉండేవి. ఇప్పుడు ఖరీఫ్ అంతా సోయా, పత్తి, రబీలో శనగ. చుట్టుపక్కల మాది ఒక్కటే పసుపు చేను. చిలుకలకు వేరే పొద్దుతిరుగుడు లేదు కాబట్టి మంజీర ఒడ్డు చెట్ల మీదున్నవన్నీ మా చేనుకే వచ్చాయి.

మెరిసే రిబ్బన్లు కట్టాం. నాలుగు రోజులు భయపడ్డాయి. డబ్బా కొట్టే కుర్రవాణ్ని పెట్టాం. వాడు తూర్పు గట్టు మీద ఉంటే అవి పడమటి గట్టున దిగేవి. చిలుక తినే తీరు చూస్తే ఒళ్లు మండుతుంది. పువ్వు అంచు మీద తలకిందులుగా వేలాడి, ఒక గింజ లాగి, పొట్టు ఒలిచి, పప్పులో సగం కింద పారేసి ఇంకో గింజకు పోతుంది. దాని కింద నేల నిండా నలుపు తెలుపు పొట్టు.

నష్టం అంతటా ఒకేలా ఉంటే లెక్కకు పెద్ద ఇబ్బంది లేదు. అలా లేదు. వేపచెట్ల వైపు గట్టు ప్లాట్లు ఎక్కువ పోయాయి, అది అనుకున్నదే. దానికి మించిన విషయం ఒకటి ఉంది. రెండో తండ్రి లైను తొందరగా పూచే రకం. దాని సంకరాలన్నీ మిగతావాటికంటే వారం ముందు పూచి, ముందు పాలు పోసుకుని, ముందు గట్టిపడ్డాయి. ఆ వారం రోజులు చేనులో తినదగ్గవి అవే. మొత్తం మంద వాటి మీదే పడింది. మిగతా సంకరాలు పక్వానికి వచ్చేసరికి మేత చేనంతా పరచుకుంది, నష్టం పలచబడింది.

ఇది ముందే ఊహించింది కాకా. పువ్వు విచ్చే రోజుల్లోనే "ముందు పండేదాన్ని పక్షే కోస్తుంది బిడ్డా, ఆ వరసలకు వల కట్టండి" అన్నారు. అన్నిటికీ కట్టేంత వల దొరకలేదు. ప్రతి ప్లాటులోనూ అయిదేసి తలలకు దోమతెర గుడ్డ సంచులు, ఫలదీకరణం పూర్తయ్యాక తొడిగి, చీటీ కట్టాం. తర్వాత మమ్మల్ని కాపాడింది ఆ అయిదు తలలే.

పువ్వు వెనుక భాగం నిమ్మపండు రంగుకు తిరగగానే కోశాం. ప్రతి ప్లాటులో పక్షి తిన్న భాగం ఎంతో కంటి అంచనాతో శాతాల్లో రాశాం, ఇద్దరు విడివిడిగా రాసి పోల్చుకున్నాం.

మార్చి

గింజ ఆరబెట్టి నూనె శాతం ఎన్‌ఎంఆర్ యంత్రంలో (అయస్కాంతంతో గింజలోని నూనె కొలిచేది) చూపించాం. గింజ పాడవదు, నిమిషాల్లో అంకె వస్తుంది. తేమ అన్ని నమూనాలకూ ఒకేలా దిగాలి, లేకపోతే నీటిని కూడా నూనెగా చదువుతుంది.

ఏప్రిల్, లెక్క

మామూలుగా సంకరం ఫలితాన్ని మూడు భాగాలుగా విడదీస్తారు. తల్లి ఎవరితో కలిసినా సగటున ఇచ్చేది, తండ్రి అలాగే ఇచ్చేది, ఆ ఇద్దరి జంటకే ప్రత్యేకమైనది. మొదటి రెండింటినీ సాధారణ సంయోగ సామర్థ్యం అనీ, మూడోదాన్ని విశిష్ట సంయోగ సామర్థ్యం అనీ అంటారు. మొక్కజొన్న మీద పనిచేస్తూ స్ప్రేగ్, టేటమ్ 1942లో ఈ విభజన చేశారు. 1994లో బెర్నార్డో అదే మొక్కజొన్నలో మార్కర్ల ద్వారా లైన్ల చుట్టరికం కొలిచి, పరీక్షించని సంకరాల దిగుబడిని అంచనా కట్టారు. మా లెక్కా ఆ బాటదే. రెండు లైన్లు ఎన్ని మార్కర్లలో ఒకటిగా ఉన్నాయో చూసి, దగ్గరి చుట్టం ఫలితాన్ని ఎక్కువగా, దూరపు చుట్టం ఫలితాన్ని తక్కువగా అరువు తెచ్చుకోవడం.

అంచనా నిలబడుతుందో లేదో చూడటానికి కొన్ని సంకరాలను దాచిపెట్టి, మిగతావాటితో లెక్క కట్టి, దాచినవాటితో పోల్చాలి. ఏవి దాచామన్నదే అసలు కీలకం. ముప్పై అయిదులోంచి గుడ్డిగా కొన్ని దాస్తే ఫలితం అద్భుతంగా కనిపించింది, నూనె శాతంలో మరీనూ. కానీ అలా దాచిన ప్రతి సంకరపు తల్లీ తండ్రీ వేరే జంటల్లో ఇంకా లెక్కలో ఉన్నారు. ఒక తల్లిని పూర్తిగా, ఆమె సంకరాలన్నిటితో సహా దాచినప్పుడు అంచనా బాగా దిగింది. తల్లినీ తండ్రినీ ఇద్దరినీ దాస్తే దిగుబడి విషయంలో చెప్పుకోదగ్గది ఏమీ మిగల్లేదు.

ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. ఫ్రాన్స్ పరిశోధకులు 2017లో ప్రకటించిన పని మాకంటే ఎంతో పెద్దది. 36 తల్లులు, 36 తండ్రులు, వీలైన 1,296 జంటల్లో 452 సంకరాలు, మూడేళ్లలో తొమ్మిది పరీక్షా వాతావరణాలు, నాలుగు లక్షలకు పైగా మార్కర్లు. చూసింది నూనె శాతం. తల్లిదండ్రులిద్దరూ ముందే పరీక్షకు వచ్చినవారైతే మార్కర్లు లేకుండా కేవలం సగటులతోనే అంచనాకూ వాస్తవానికీ పొందిక (1 అయితే పూర్తి పొందిక) 0.78 వరకు వచ్చింది, మార్కర్లు దానికి కలిపింది దాదాపు సున్నా. ఒకరో ఇద్దరో కొత్తవారైతే సగటుల లెక్క 0.575 దగ్గర ఆగింది, మార్కర్లతో 0.635కు చేరింది. మార్కర్ల విలువ ఎక్కడుందో ఆ రెండు జతల అంకెలే చెబుతున్నాయి.

మా చిన్న లెక్కా అదే దారిన నడిచింది. మిగిలిన ముప్పై అయిదు జంటల విషయంలో మార్కర్లు లేకుండా, తల్లి సగటు, తండ్రి సగటు కాగితం మీద కూడినా దాదాపు అదే వరుస క్రమం వచ్చింది. ఇది చెప్పుకోవడానికి కొంచెం ఇబ్బందిగానే ఉంది. ప్రయోగశాల బిల్లు చూసినవారు ముఖం చిట్లిస్తారు. అయినా నిజం అదే. తెలిసిన లైన్ల మధ్య కొత్త జంట కోసమైతే మార్కర్ల కన్నా చక్కని పట్టిక వేసుకుని పరీక్షించడం చవక. ఇంతవరకు ఏ చేనునూ చూడని కొత్త లైను వచ్చినప్పుడే మార్కర్లు తమ ఖర్చు రాబట్టుకుంటాయి.

ఒక పాత ఆశను కూడా పనిలో పనిగా పరీక్షించాం. తల్లీ తండ్రీ జన్యుపరంగా ఎంత దూరమైతే సంకరం అంత బలంగా ఉంటుందని చాలామంది నమ్మకం. దూరాన్ని కొలిచి దిగుబడి పక్కన పెట్టి చూస్తే చుక్కలు చేనంతా చల్లినట్టు పడ్డాయి. తల్లుల జట్టు, తండ్రుల జట్టు ముందే వేరుగా ఉన్నప్పుడు అన్ని జంటలూ దూరపువే. ఆ పైన ఇంకాస్త దూరం వల్ల ఒరిగేది తక్కువ.

ఇక దిగుబడి పట్టికలో రెండో తండ్రి అట్టడుగున ఉన్నాడు. అతని సంకరాలు అన్నీ అడుగునే. ఇంకా పరీక్షించని అతని జంటలకు కూడా మోడల్, అంటే మా అంచనా లెక్క, తక్కువ అంకెలే ఇచ్చింది. మార్కర్లలో అతనికి దగ్గరి చుట్టమైన అయిదో తండ్రిని కూడా కాస్త కిందికి లాగింది. నూనె శాతం చూస్తే ఆ సంకరాలు బాగున్నాయి. నూరు గింజల బరువు బాగుంది. సంచి తొడిగిన అయిదు తలల్లో గింజ నిండుగా ఉంది. ప్లాటు దిగుబడి ఒక్కటే పడిపోయింది.

మోడల్ నేర్చుకున్నది దిగుబడిని కాదు, చిలుకలను. తొందరగా పూచే జన్యువుల పక్కనున్న మార్కర్లకు "తక్కువ దిగుబడి" అని చీటీ అంటించింది. లెక్కపరంగా అందులో తప్పేమీ లేదు. మేమిచ్చిన అంకెల్లో ఆ సంబంధం నిజంగానే ఉంది.

పూత రోజులను మోడల్‌లో ఒక అంశంగా చేర్చి సరిచేయమని కొందరు సలహా ఇచ్చారు. ఒప్పుకోలేదు. తొందరగా పండే సంకరానికి గింజ నిండే కాలం తక్కువ కాబట్టి నిజంగానే కొంత దిగుబడి తగ్గవచ్చు. ఆ సవరణ చేస్తే చిలుకల వాటాతో పాటు ఆ నిజమైన వాటా కూడా తుడిచిపెట్టుకుపోతుంది, తొందర రకాలన్నీ ఉన్నదానికంటే గొప్పగా కనిపిస్తాయి. బదులుగా సంచి తలల సగటును ప్లాటులో కోతకు నిలిచిన మొక్కల లెక్కతో గుణించి దిగుబడి మళ్లీ కట్టాం. అయిదు తలల సగటు అటూ ఇటూ ఊగుతుంది, తెలుసు. అయినా ఒక వైపుకే వంగిన అంకె కన్నా రెండు వైపులా ఊగే అంకె నయం. రెండో తండ్రి పై సగంలోకి వచ్చాడు. అయిదో తండ్రి కూడా వెంట లేచాడు. మిగతా లైన్ల క్రమం పెద్దగా కదల్లేదు.

నీరు తక్కువ ఉన్న ఈ ప్రాంతానికి వారం ముందు పండే సంకరం చిన్న విషయం కాదు. ఆఖరి తడి మిగులుతుంది.

సెప్టెంబరు, వచ్చే రబీకి

అంచనాల పట్టికలో పైన నిలిచిన కొత్త జంటల విత్తనం వేసవి పంటలోనే తయారు చేసుకున్నాం. పొద్దుతిరుగుడుకు పగటి పొడవుతో పెద్దగా పట్టింపు లేదు కాబట్టి అది సాధ్యమైంది. ఈ విత్తనానికి కోత తర్వాత నెలన్నర దాకా నిద్రావస్థ ఉంటుంది, ఇప్పుడది దాటిపోయింది, ఆ నిద్ర విడిపించే ఎథ్రిల్ మందులో నానబెట్టే పని తప్పింది. ఈసారి రెండు చోట్ల వేస్తున్నాం, ఇక్కడ ఒకటి, దెగ్లూర్ వైపు తేలిక నేలలో ఇంకొకటి. ఒకే చేను ఒకే ఏడు చెప్పిన దిగుబడిని నమ్మి ఎవరికీ విత్తనం ఇవ్వలేం. కొత్తగా వచ్చిన నాలుగు తల్లి లైన్లను సంకరణానికి ముందే, మొక్క మొక్కగా, చదివించాం. కల్తీ ఉంటే ఇప్పుడే తేలుతుంది, పైగా మార్కర్లకు నిజమైన పరీక్ష వీటితోనే. వల ఈసారి మొదటి నుంచే, తొందర వరసలన్నిటికీ.

పట్టికలో అంచనా బాగా తక్కువ వచ్చిన జంటలను కూడా కొన్ని చేర్చాం. కాకా ఆ చీటీలు చూసి తల పట్టుకున్నారు.

"పండదని నువ్వే అంటున్నావు, మళ్లీ నువ్వే విత్తుతానంటావు. నా నేల అంత అగ్గువా బిడ్డా?"

పండుతుందన్నవి మాత్రమే వేస్తే మోడల్ ఎప్పుడూ గెలిచినట్టే ఉంటుంది కాకా, పండదన్నవి నిజంగా పండకపోతేనే దాని మాట నిజమని తెలుస్తుంది అన్నాను. ఆయనకు అది పూర్తిగా నచ్చలేదు. వేపచెట్ల గట్టు పక్కన ఇస్తానన్నారు, వద్దన్నాను, అక్కడ ఏది వేసినా చిలుకల పాలే. చివరికి బోరు పక్కన శనగకు అట్టిపెట్టిన మడి అడిగాను. శనగ విత్తనం అప్పటికే కొని ఉంచారు. ఆ విత్తనం ఖర్చు, మడి కౌలు మేం కట్టేలా, పండిన గింజ ఆయన తీసుకునేలా మాట కుదిరింది. విత్తే ముందు ఆ మడికి ఒక తడి ఇవ్వాలి, రాత్రి కరెంటు ఏ వారం వస్తుందో కనుక్కోవాలి.